పెయింటా, పౌడర్ కోటింగా? ముందు ఇనుమును అడగండి

యాసంగి కోతలు అయిపోయాయి. ట్రాక్టర్‌ను కడిగి చెట్టు కింద పెట్టారు. మట్టి పోయాక చూస్తే మడ్‌గార్డు అంచున తుప్పు, చక్రం డిస్కు మీద పొక్కులు, ట్రాలీ అడుగున అసలు రంగే లేదు. రోడ్డు మీది పెయింటర్‌ను అడిగితే "రెండు కోట్లు కొడితే సాయంత్రానికి కొత్త బండి" అంటాడు. హైదరాబాద్‌లో పనిచేసే బామ్మర్ది ఫోన్ చేసి "పెయింట్ ఎందుకు బావా, పౌడర్ కోటింగ్ చేయించు, పదేళ్లు దాని దిక్కు చూడక్కర్లేదు" అంటాడు. ఇద్దరూ మీ మేలు కోరేవాళ్లే. మరి ఎవరి మాట వినాలి?

ఆఫ్‌రోడ్ బండి అంటే చాలామందికి థార్లు, జీపులే గుర్తొస్తాయి. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో రోజూ రోడ్డు దిగి పనిచేసేది ట్రాక్టర్. ఆ తర్వాతే నల్లమల అంచు ఊళ్లకు పోయే బొలెరోలు, జీపులు. పాత పాలమూరు జిల్లాలోంచి 2016లో విడిపోయిన ఈ మూడు జిల్లాల్లో ఇనుము చెడిపోయే తీరు ఒక్కటి కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో నల్లరేగడి చక్రానికి అంటితే ఒక పట్టాన వదలదు. పైన ఎండినట్టే ఉంటుంది, లోపల చెమ్మ మాత్రం ఇనుమును పట్టుకునే ఉంటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎర్ర చెలకల్లో పల్లి సాళ్ల మధ్య తిరిగే పనిముట్టుకు తుప్పు కన్నా ముందు అరుగుదల వస్తుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఆ మట్టి గరుకు కాగితంలా రంగును రుద్దేస్తుంది. జూరాల, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల కింది వరి మళ్లలో కేజ్‌వీల్స్ గంటల తరబడి బురదనీళ్లలోనే ఉంటాయి. మన్ననూరు దాటి నల్లమల అడవి బాట పడితే కంకర ఎగిరి బండి అడుగున తగులుతుంది.

అందుకే "రెండింట్లో ఏది మంచిది" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. దాని బదులు ఇలా అడగండి: ఈ భాగం ఎలా చెడిపోతుంది? చెడిపోయిన రోజు దాన్ని ఎక్కడ, ఎవరు బాగుచేస్తారు? ఈ రెండింటికి జవాబు దొరికితే ఏ రంగు వేయాలో దానంతట అదే తేలుతుంది.

1. భాగాన్ని విప్పి నేల మీద పెట్టండి

పౌడర్ కోటింగ్‌లో తడి రంగు ఉండదు. పొడికి గన్‌తో విద్యుదావేశం ఇచ్చి, ఎర్తింగ్ చేసిన ఇనుము మీద చల్లుతారు. పొడి దానికి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో పెట్టి దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచితే కరిగి, గట్టిపడి, ఒకే పొరగా పట్టేస్తుంది. మీకు తెలియాల్సిన సిద్ధాంతం ఇంతే.

ఇక మీ ముందున్న భాగాన్ని చూడండి. అందులో రబ్బరు బుష్షు ఉందా? ఆయిల్ సీలు, బేరింగు ఉన్నాయా? పాత సొట్టను పుట్టీతో నింపి సాపు చేశారా? వీటిలో ఏది ఉన్నా ఓవెన్ వేడికి తట్టుకోదు. విప్పి తీయగలిగితే తీయండి, లేకపోతే ఆ భాగానికి పెయింటే. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్‌ను మాత్రం ఎవరేం చెప్పినా ఓవెన్ దగ్గరికి పోనివ్వకండి, అది పేలుతుంది. రెండు చివరలా మూసి వెల్డింగ్ చేసిన పైపు కూడా ప్రమాదమే. లోపలి గాలి, మిగిలిన నూనె వేడికి వ్యాకోచించి బయటికి తన్నుకొస్తాయి. అలాంటి పైపుకు కింది వైపున చిన్న రంధ్రం వేయించి పంపండి. తర్వాత వాననీళ్లు దిగిపోవడానికీ అదే దారి.

రెండో ప్రశ్న: ఇది ఓవెన్‌లో పడుతుందా? కొలత టేపు తీసుకుని పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. బంపర్, డిస్కు, టూల్ బాక్స్ లాంటివి చాలా షాపుల్లో పడతాయి. ట్రాలీ ఛాసీ పట్టేంత ఓవెన్ కోసం ఎక్కడెక్కడో తిరగాలి.

మూడో ప్రశ్ననే చాలామంది మరిచిపోతారు. దీనికి మళ్లీ వెల్డింగ్ పడుతుందా?

2. ఏ భాగానికి ఏది

అయిజ దగ్గర విత్తన పత్తి వేసే ఒక రైతు దగ్గర ట్రాలీ ఉందనుకుందాం. అందులో ఒకరోజు ఎరువు బస్తాలు, ఒకరోజు రాళ్లు, ఇంకోరోజు పత్తి. డోరు కొక్కెం ఊడుతుంది, అడుగు రేకు చిల్లుపడుతుంది, యాంగులర్ వంగుతుంది. ప్రతి సీజన్‌కూ వెల్డింగ్ షాపుకు పోక తప్పదు. ఇలాంటి ట్రాలీకి పౌడర్ కోటింగ్ చేయిస్తే ఏమవుతుంది? వెల్డర్ రాడ్డు ఆనించిన చోట ఆ పొర మాడి, చుట్టూ నాలుగు వేళ్ల మేర పాడవుతుంది. అంత మేర పౌడర్ పొరను మళ్లీ వేసే ఓవెన్ ఆ ఊళ్లో ఉండదు. అదే పెయింట్ అయితే వెల్డింగ్ చోట గ్రైండర్ పెట్టి, ప్రైమర్ కొట్టి, పైన రంగు వేస్తే సరిపోతుంది. ట్రాలీకి, కల్టివేటర్ ఫ్రేముకు, డోజర్ బ్లేడు చట్రానికి, కేజ్‌వీల్స్‌కు, బండి ఛాసీకి పెయింటే వేయించండి. నేనైతే ఇందులో ఇంకో ఆలోచనే పెట్టుకోను.

పౌడర్ కోటింగ్‌కు తగినవి వేరే ఉన్నాయి. బోల్టులు విప్పితే చేతికొచ్చేవి, మళ్లీ వెల్డింగ్ పడనివి, ఎండకూ వానకూ నిలబడాల్సినవి. ట్రాక్టర్ మీది టాప్ ఫ్రేము, సీటు ఫ్రేము, బ్యాటరీ బాక్సు, ఫుట్ స్టెప్పు, టూల్ బాక్సు, లైట్ల బ్రాకెట్లు ఈ కోవలోకి వస్తాయి. జీపు ఉంటే పైన క్యారియర్, పక్కన స్టెప్పులు. వీటి మీద కాలు పడుతుంది, తాడు రాపిడి పడుతుంది, సామాను జారుతుంది. ఇలాంటి రాపిడికి మామూలు ఎనామిల్ కన్నా బాగా పట్టిన పౌడర్ పొర ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఏ రంగూ అక్కర్లేనివి కూడా ఉన్నాయి. కల్టివేటర్ పారలు, రోటవేటర్ బ్లేడ్లు, హిచ్ పిన్నులు, పీటీవో షాఫ్టు పళ్లు. మట్టి తగిలే చోట ఎంత ఖరీదైన రంగు వేసినా మొదటి ఎకరంలోనే పోతుంది. పళ్లు కలిసే చోట రంగు వేస్తే అసలు అమరిక చెడుతుంది. వీటిని కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూసి నీడన పెట్టండి. రంగు డబ్బులు మిగిలినట్టే.

అచ్చంపేట కుర్రాడు ఒకరు జీపు ముందు లావు పైపుల క్రాష్ గార్డు పెట్టించి, దానికి నల్ల పౌడర్ కోటింగ్ చేయించాలనుకున్నాడనుకోండి. రంగు సంగతి తర్వాత, ముందు ఆ గార్డునే పెట్టించకండి. క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని, చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఎదుటి మనిషికీ, లోపల కూర్చున్నవాళ్లకూ వాటితో అపాయం. ఆ డబ్బుతో బండి అడుగుభాగానికి మంచి పెయింట్ పని చేయించుకోండి. నల్లమల రాళ్లు తగిలేది అక్కడే.

3. రంగు కన్నా ముందు శుభ్రం

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. పెయింట్ అయినా పౌడర్ అయినా లేచిపోయిందంటే పదిసార్లలో ఎక్కువసార్లు తప్పు డబ్బాలో ఉండదు, రంగు కింద ఉంటుంది.

ముందు నీళ్లతో కడగండి. ఎరువులు మోసిన ట్రాలీ అయితే ఒకసారి కడిగితే చాలదు. యూరియా, డీఏపీ మూలల్లో, రేకుల అతుకుల్లో దాక్కుంటాయి. ఆ లవణం రంగు కింద మిగిలితే గాలిలోని చెమ్మను లాక్కుని పొక్కులు తెస్తుంది. మూలల్లోకి పైపు పెట్టి రెండు మూడు సార్లు కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి.

తర్వాత జిడ్డు. ఇక్కడే చాలా మంది మెకానిక్కులు చేసే పొరపాటు ఒకటుంది: డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడవడం. డీజిల్ గ్రీజును కరిగిస్తుంది, నిజమే. కానీ తానే సన్నటి నూనె పొరగా మిగిలిపోతుంది. ఆ పొర మీద ఏ ప్రైమరూ సరిగ్గా పట్టదు. డీజిల్‌తో మొదటి మురికి తీస్తే తీయండి, ఆ తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, చివర శుభ్రమైన తెల్ల గుడ్డకు థిన్నర్ అద్ది తుడవండి. గుడ్డ నల్లబడుతుంటే తిప్పుతూ ఉండండి. అదే మురికి గుడ్డతో తుడిస్తే జిడ్డును ఇటు నుంచి అటు పూసినట్టే.

జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. ఒక చెంబు నీళ్లు ఆ రేకు మీద సన్నగా పోయండి. నీరు ఒకే పలుచటి పొరగా పరుచుకుని అలాగే నిలిస్తే ఇనుము శుభ్రం. చుక్కలు చుక్కలుగా విడిపోయి, మధ్యలో పొడి మచ్చలు కనబడితే అక్కడ ఇంకా నూనె ఉంది. మళ్లీ తుడవండి. మంచి పెయింటర్ కూడా ఈ ఒక్క పరీక్ష చేయక దెబ్బతింటాడు. చూశాక ఆ నీటిని వెంటనే తుడిచి, బాగా ఆరబెట్టడం మరవకండి.

ఇక తుప్పు. వైరు బ్రష్షుతో రుద్దితే తుప్పు నున్నగా మెరుస్తుంది, పోయినట్టే ఉంటుంది. గోరుతో గీకి చూడండి. ఎర్రటి పొడి వస్తే ఇంకా ఉన్నట్టే. గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్కు పెట్టి తీయండి, లోతుగా గుంటలు పడి ఉంటే శాండ్ బ్లాస్టింగ్ చేయించండి. బ్లాస్టింగ్ అయిన ఇనుము బట్టబయలుగా ఉంటుంది. ఆ రాత్రి మంచులో వదిలితే పొద్దుటికే ఎర్రబడుతుంది. కాబట్టి అదే రోజు ప్రైమర్ పడాలి. అంచులను కూడా ఒకసారి వేలితో తడమండి. కత్తిలా కోసుకునే అంచు మీద పెయింటూ నిలవదు, పౌడరూ నిలవదు. గ్రైండర్‌తో కొంచెం గుండ్రంగా చేయండి. తుప్పు మొదలయ్యేది ఎప్పుడూ అంచు దగ్గరే.

4. పెయింట్ వేస్తున్నారా?

రెడ్ ఆక్సైడ్ కొట్టి "తర్వాత చూద్దాం" అని వదిలేసిన ట్రాలీలు ఎన్ని చూడలేదు మనం? రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మాత్రమే. దానిలోంచి చెమ్మ లోపలికి దిగుతుంది. పైన రంగు పడితేనే దానికి విలువ.

డబ్బు పెట్టగలిగితే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద హార్డెనర్ కలిపే పీయూ (పాలీయూరిథేన్) రంగు వేయించండి. డీజిల్ చిందినా, గ్రీజు పడినా, ఎండ కాసినా ఎనామిల్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. ట్రాలీకి ఇంత ఖర్చు ఎందుకనిపిస్తే ఎనామిల్ వేయండి, తప్పేం లేదు, ఏడాదికోసారి చూసుకుంటే చాలు. కానీ రెండు తప్పులు మాత్రం చేయకండి. ఒకటి, ఏ థిన్నర్ చేతికొస్తే అది కలపడం. ఎనామిల్ ఆరకముందే దాని మీద ఘాటైన ఎన్‌సీ థిన్నర్ కలిపిన రంగు పడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. రెండు, హార్డెనర్‌ను కంటి అంచనాతో పోయడం. డబ్బా మీద రాసిన పాళ్లకే కొలిచి కలపండి, కలిపినది ఎన్ని గంటల్లో వాడాలో కూడా అక్కడే ఉంటుంది.

పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, కొందరికి శాశ్వతంగా ఉబ్బసం తెస్తాయి. ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఆ ఆవిరి ఆగదు. కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి, గాలి ఆడే చోటు కావాలి, పిల్లలు దూరంగా ఉండాలి. మీ బండికి రంగు కొట్టే మనిషికి మాస్కు లేకపోతే మీరే కొనివ్వండి. దయచేసి ఈ ఒక్క మాట దాటేయకండి.

5. పౌడర్ కోటింగ్ షాపులో ఏం అడగాలి?

బీరువాలు, గ్రిల్సు తయారుచేసేవాళ్ల దగ్గర చిన్న ఓవెన్లు ఉంటాయి. పెద్ద పని అయితే హైదరాబాద్‌లో జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, కాటేదాన్ పారిశ్రామికవాడల దారి పట్టాలి. అంత దూరం ఒక్క టూల్ బాక్సు కోసం పోకండి. ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి భాగాలన్నీ ఒకే ఆటోలో పంపండి, అందరూ ఒకే నలుపు ఎంచుకోండి. రంగు మారిన ప్రతిసారీ షాపువాళ్లు గన్, బూత్ శుభ్రం చేసుకోవాలి. వాళ్ల దగ్గర ఆ రోజు నడుస్తున్న రంగుతోనే మీదీ కొడితే ధర తగ్గించమని అడిగే హక్కు మీకుంటుంది.

షాపులో నిలబడి సిగ్గుపడకుండా ఈ ప్రశ్నలు వేయండి.

"ఇది పాలిస్టరా, ఎపాక్సీయా?" బీరువాలు చేసే షాపులో తరచుగా ఉండేది ఎపాక్సీ కలిసిన పొడి. ఇంట్లో వస్తువుకు అది బాగుంటుంది. మన ఎండలో కొన్ని నెలలకే మెరుపు పోయి, చేత్తో రాస్తే సున్నంలా పొడి రాలుతుంది. ఎండన ఉండే భాగానికి బయటి వాడకానికి చేసిన పాలిస్టర్ పౌడరే కావాలని గట్టిగా చెప్పండి.

"పౌడర్‌కు ముందు ఏం చేస్తారు?" జిడ్డు తీయడం, తుప్పు తీయడం, ఫాస్ఫేటింగ్, మధ్యమధ్య కడగడం, ఇలా ఏడు తొట్లలో చేసే పద్ధతిని మంచి షాపులు పాటిస్తాయి. బ్లాస్టింగ్ చేసేవీ ఉన్నాయి. "గుడ్డతో తుడిచి కొట్టేస్తాం" అన్న మాట వింటే భాగాలు తిరిగి ఆటోలో పెట్టించండి. బురద భాగాలకైతే పౌడర్ కింద జింక్ ప్రైమర్ పొర కూడా అడగండి, ఖర్చు పెరిగినా దక్కుతుంది. ఇంకో జాగ్రత్త: సస్పెన్షన్ స్ప్రింగులను యాసిడ్ తొట్టిలో ముంచనివ్వకండి. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి అది పెళుసుబారుతుంది, తర్వాత బరువు మీద విరగొచ్చు.

"ఓవెన్ టైము ఎప్పటి నుంచి లెక్కపెడతారు?" ఓవెన్ వేడెక్కినప్పటి నుంచి కాదు, ఇనుము వేడెక్కినప్పటి నుంచి లెక్కపెట్టాలి. పలుచటి రేకు తొందరగా కాగుతుంది, అరంగుళం మందం బ్రాకెట్ తాపీగా కాగుతుంది. రెండిటినీ ఒకేసారి పెట్టి ఒకేసారి తీస్తే లావుదానిలో పౌడర్ సగమే ఉడుకుతుంది. చూడటానికి బాగుంటుంది, రాయి తగలగానే పెచ్చులుగా ఊడుతుంది.

పొర మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు రావాలి. మీటరు పెట్టి చూపించమనండి. లోపలి మూలల్లో, యాంగులర్ మడతల్లో పౌడర్ సరిగ్గా చేరదు, అక్కడ టార్చి వేసి చూడండి. వనపర్తిలో పాత రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే పిల్లలెవరైనా మీ వాడలో ఉంటే వెంట తీసుకుపోండి. ఆ మీటరు చదవడం వాళ్లకు కొత్త కాదు, మీకూ ధైర్యంగా ఉంటుంది.

6. చక్రాల దగ్గర మరింత జాగ్రత్త

డిస్కులకు పౌడర్ కోటింగ్ బాగా కుదురుతుంది. కానీ నట్టు కూర్చునే గుంటల్లో, హబ్‌కు ఆనే ముఖం మీద పౌడర్ పడకుండా మాస్కింగ్ చేయించాలి. ఎందుకు? అక్కడ మందమైన పొర ఉంటే నట్టు బిగుసుకున్నట్టే ఉంటుంది. నాలుగు రోజులు తిరిగేసరికి పొర నలిగి నట్టు వదులవుతుంది. లోడు ట్రాలీతో బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన మీద పోతున్నప్పుడు చక్రం ఊగడం మొదలైతే ఎలా ఉంటుందో ఊహించండి. చక్రం బిగించాక మొదటి కొద్ది గంటల పని అవగానే ఆపి, నట్లన్నీ మళ్లీ బిగించండి. పెయింట్ వేసిన డిస్కుకూ ఇదే పద్ధతి.

బ్లాస్టింగ్ అయ్యాక డిస్కును ఒకసారి మీ కళ్లతో చూడండి. నెర్రె కనిపిస్తే రంగు వేయించకండి, డిస్కు మార్చండి. జీపుకు అల్లాయ్ చక్రాలుంటే ఓవెన్ వేడి ఎంతవరకు పెట్టవచ్చో తెలిసిన షాపుకే ఇవ్వండి. వేడి ఎక్కువైతే అల్యూమినియం బలం తగ్గుతుంది.

7. పెచ్చు లేచిందా? ఆ వారంలోనే పట్టుకోండి

పౌడర్ పొరకు ఉన్న పెద్ద లోపం ఇదే. రాయి తగిలి ఒకచోట లేస్తే నీరు ఆ సందులోంచి పొర కిందికి పాకుతుంది. పైన అంతా బాగున్నట్టే ఉంటుంది, కింద తుప్పు నడుస్తుంటుంది. ఒకరోజు అరచేయంత పెచ్చు ఊడి చేతికొస్తుంది. పెయింట్ అయితే తుప్పు బయటికి కనబడుతూ చెడుతుంది, ముందే తెలుస్తుంది.

కాబట్టి లేచిన అంచును చాకుతో గీకండి. గట్టిగా పట్టుకుని ఉన్న చోటు వచ్చేదాకా తీసేయండి. గరుకు కాగితంతో అంచును సాపు చేసి, థిన్నర్‌తో తుడిచి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన అదే రంగు పీయూ బ్రష్షుతో వేయండి. అతుకు కనబడుతుంది, కనబడనివ్వండి. నీరు దిగకుండా ఆగింది కదా. చిన్న డబ్బా ప్రైమరూ, చిన్న డబ్బా రంగూ ఎప్పుడూ టూల్ బాక్సులో ఉంచుకోండి.

8. ఏ కార్తెలో, ఏ పూట?

ఎండాకాలం మధ్యాహ్నం ఇనుము చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటుంది. అప్పుడు స్ప్రే కొడితే థిన్నర్ గాలిలోనే ఆవిరై, రంగు పొడిపొడిగా, గరుకుగా పడుతుంది. రోహిణి ఎండల్లో చేయాల్సివస్తే తెల్లవారగానే మొదలుపెట్టి, గాలి దుమారం లేవకముందే ముగించండి. చలికాలంలో దీనికి తలకిందులు. పొద్దున్నే ఇనుము మీద మంచు పట్టి ఉంటుంది, కంటికి కనబడకపోయినా వేలికి తగులుతుంది. పది దాటి ఎండ బాగా తగిలాకే డబ్బా మూత తీయండి.

పౌడర్ కోటింగ్ ఓవెన్ నుంచి వచ్చి చల్లారితే పనికి సిద్ధం. పెయింట్‌కు అలా కాదు. పీయూ రంగు ఒక పూటలో చేతికి అంటకుండా ఆరినా పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది, ఎనామిల్‌కు ఇంకా ఎక్కువ. మృగశిర చినుకు పడ్డాక కల్టివేటర్ కట్టాలనుకుంటే, దాని ఫ్రేముకు చివరి కోటు మే మూడో వారానికల్లా పడిపోయేలా పెయింటర్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి.